కొత్త బృందం – సొంత గొంతు

క్రోసూరు చుట్టుప్రక్కల ప్రత్తితీత ముగిసి, కళ్ళాలలో మిరపకాయ ఎర్రగా ఆరుతున్న దినాలను ఒకమారు మనస్సులో తలచుకోండి. సందె చీకటి పడినది. ఒక యింటి వెనుక గదిలో నలుగురు యువకులు చేరినారని అనుకుందాం. ఒకని చేత గిటారు ఉన్నది. మరియొకని చేత మంద్రస్వరం పలికే నాలుగు తీగల బేస్ గిటారు. మూడవవాడు డ్రమ్ముల ముందు కూర్చున్నాడు. నాలుగవవాడు పాడవలసినవాడు. అంతా ఒక్కసారిగా మొదలుపెట్టినారు. వీధి అరుగు మీద కూర్చున్న తాతగారు ఉలికిపడి, "ఏమిట్రా యీ మోత?" అని కేకవేసినారు.

చిత్రమేమంటే, గది లోపల ఉన్నవారిని బాధిస్తున్న ప్రశ్న కూడ సరిగా అదే. ఈ మోత ఏమిటి? ఇది ఎవరిది? పరాయి దేశపు బృందాన్ని విని వల్లించినది ఎంత, మనలో నుంచి పుట్టినది ఎంత? ఒక కొత్త వాద్యబృందం తన గొంతును తాను వెదకుకొనే దారిని గురించి నాలుగు మాటలు చెప్పడమే నేటి నా పని.

ఈ ప్రశ్న చూపునకు చిన్నది. కాని పల్లెలోని యువకుడు కొత్త కళను చేపట్టినప్పుడు అతని ముందు రెండు భయాలు నిలుస్తవి. తనవారి పాట పాడితే మొరటువాడని నవ్వుతారేమో అన్నది ఒకటి. పరాయి పాటనే పట్టుకొంటే చివరకు ఎవరికీ చెందనివాడనై పోతానేమో అన్నది రెండవది. ఈ రెంటి నడుమ నలిగి, పెండ్లి వేదికల మీద ఇతరుల పాటలు పాడి పాడి విసిగి విడిపోయే బృందాలు ఉంటవి. గిటారు అటక ఎక్కుతుంది. అటక ఎక్కినది వాద్యం ఒక్కటే అయితే విచారం లేదు. ఒక తరంవారు తమ కష్టసుఖాలను తమ శ్రుతిలో చెప్పుకొనే అవకాశం కూడ దానితోపాటు అటక ఎక్కుతుంది.

రాక్ సంగీతం అనగానే అది పట్టణాల విలాసమని మన పెద్దలలో ఒక అభిప్రాయం ఉన్నది. దాని పుట్టుక అటువంటిది కాదు. అమెరికా దక్షిణభాగంలో, మిసిసిపీ రాష్ట్రపు ప్రత్తిచేలలో చెమటోడ్చిన నల్లజాతివారు పాడుకొన్న బ్లూస్ పాటలు దాని వేళ్ళలో ముఖ్యమైనవి. మడ్డీ వాటర్స్ అనే గాయకుడు అటువంటి ప్రత్తి కమతంలో పనిచేసినవాడే. 1941 లో జానపద గీతాలను సేకరించే ఆలన్ లోమాక్స్ ఆ కమతానికి వెళ్ళి, అమెరికా జాతీయ గ్రంథాలయం కొరకు ఆయన పాటలను రికార్డు చేసినాడు. తన గొంతును తాను రికార్డులో విన్నప్పుడే, నేనూ పాడగలవాడనే అన్న ధైర్యం కలిగినదని మడ్డీ వాటర్స్ తరువాతి కాలంలో చెప్పుకొన్నాడు. 1943 లో ఆయన చికాగో నగరం చేరినాడు. అక్కడి పానశాలల సందడిలో మామూలు గిటారు వినబడలేదు. అందుచేత విద్యుత్ గిటారు పట్టినాడు. వాద్యం మారినది గాని పొలంలో అలవడిన యాస మారలేదు. ఆ పాత యాస, ఆ కొత్త తీగ కలిసినచోట ఆయన గొంతు దొరికినది. 1950 లో వెలువడిన ఆయన పాట పేరునే, 1962 లో లండనులో కూడిన కుర్రవాళ్ళు తమ బృందానికి పెట్టుకొన్నారు. వారే జగత్ప్రసిద్ధులైన రోలింగ్ స్టోన్స్. కాబట్టి ప్రత్తి పండే పల్నాటికి ఈ సంగీతం బొత్తిగా బీరకాయపీచు చుట్టరికం కాదు.

అయితే అనుకరణ తప్పా? తప్పు కాదు. పలక మీద గురువు దిద్దిన అక్షరం మీదనే మనమందరం దిద్దినాము. ఇంగ్లండులోని లివర్‌పూల్ రేవుపట్టణానికి చెందిన బీటిల్స్ బృందం 1960 నుండి 1962 వరకు పలుమార్లు జర్మనీలోని హాంబర్గుకు పోయి, అక్కడి క్లబ్బులలో రాత్రులు గంటల తరబడి వాయించినది. వారు వాయించినవి చాలవరకు ఇతరుల పాటలే. 1962 జనవరి 1వ తేదీన లండనులో డెక్కా రికార్డు కంపెనీవారికి 15 పాటలు వినిపించినారు. అందులో వారి సొంత రచనలు మూడే. కంపెనీవారు వద్దన్నారు. అదే సంవత్సరం అక్టోబరులో మరియొక కంపెనీ ద్వారా వారి తొలి రికార్డు వెలువడినది. దాని రెండు ప్రక్కలా ఉన్నవి వారి సొంత పాటలు. దిద్దుట ఎంత అవసరమో, ఒకనాటికి ఆ పలకను ప్రక్కన పెట్టుట కూడ అంత అవసరమని ఈ కథవలన మనకు తోస్తుంది.

ఇక వాద్యం మాట. గిటారు మనది కాదు గదా అని కొందరు ఆక్షేపిస్తారు. ఫిడేలు మాత్రం మనదా? అది యూరపు నుండి వచ్చినది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దానిని కర్ణాటక సంగీతానికి అలవరచినవారిలో ప్రథముడని చెబుతారు. విజయనగరంలో ద్వారం వెంకటస్వామినాయుడుగారి చేతిలో అది తెలుగువారి సొత్తే అయినది. హార్మోనియం కూడ సముద్రం దాటి వచ్చి, మన నాటకాల పద్యాలకు ఊపిరి పోసినది. మన కాలంలోనే పాలకొల్లులో 1969 లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ విద్యుత్ మాండలిన్ పట్టినారు. ఎనిమిది తీగలు జంటలుగా ఉండే ఆ వాద్యాన్ని అయిదు ఒంటి తీగలకు మార్చుకొన్నారు. గమకం పలకదనుకొన్న చోట గమకం పలికించినారు. 2014 లో ఆయన కన్నుమూసేనాటికి ఆ వాద్యం పేరే ఆయన ఇంటిపేరు అయినది. కాబట్టి వాద్యాన్ని అరువు తెచ్చుకొనుటలో దోషం లేదు. దానిని మన చేతికి, మన స్వరానికి అనుగుణంగా మలచుకొన్నామా లేదా అన్నదే ప్రశ్న.

అసలు చిక్కు వాద్యంలో లేదు, నోటిలో ఉన్నది. రాక్ సంగీతానికి సామాన్యమైన నడక నాలుగు దెబ్బలది. ఒకటవ దెబ్బ, మూడవ దెబ్బ కాలితో మోగించే పెద్ద డ్రమ్ము మీద, రెండవది, నాలుగవది స్నేర్ డ్రమ్ము మీద పడతవి. ఆ రెండవ, నాలుగవ దెబ్బల విసురే దాని జీవం. ఇంగ్లీషు మాటలు తరచుగా హల్లుతో తెగిపోతవి. ఒక అక్షరం ఊనిక ఎక్కి, మిగిలినవి తేలిపోతవి. అందుచేత ఆ విసురుమీద అవి సులభంగా కూర్చుంటవి. తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు నిలిచి సాగుతుంది. పైగా మనకు గురులఘువులు ప్రాణం. తాళం కోసం పొట్టి అక్షరాన్ని సాగదీస్తే అర్థమే తారుమారు అవుతుంది. "కలము" అన్న మాటను దెబ్బమీద సాగదీయండి, అది "కాలము" అవుతుంది. "పడకురా" అని తమ్ముని హెచ్చరించబోయి సాగదీస్తే "పాడకురా" అని వినబడుతుంది. బృందంలోని గాయకునికి ఇంతకంటె అపశకునం ఏమున్నది?

ఈ చిక్కునుండి తప్పించుకొనేందుకు కొందరు తెలుగు మాటలనే ఇంగ్లీషు నోటితో పలుకుతారు. ళకారం లకారమవుతుంది, ణకారం నకారమవుతుంది. వినేవారికి ఆ గాయకుడు ఎక్కడివాడో బోధపడదు. మరియొక దారి ఉన్నది. మాటను విరవకుండ నడకనే వెదకుట. మన ద్విపదను చూడండి. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. అనగా నాలుగైదు మాత్రల పెద్ద అడుగులు మూడు వేసి, చివర మూడు మాత్రల పొట్టి అడుగుతో ఆగుతుంది. ఆ పొట్టి అడుగు దగ్గర డ్రమ్ము ఏమి చేయాలి? అది ఏ విదేశీ రికార్డులోను దొరకని ప్రశ్న. దానికి జవాబు చెప్పిన డ్రమ్ములవాడు సొంత బాణీకి దగ్గరపడినట్లే. 1910 లో గురజాడ అప్పారావుగారు మూడు, నాలుగు మాత్రల నడకతో ముత్యాలసరాన్ని కూర్చి, కొత్త భావాలకు కొత్త నడక చూపినారు. ఆ ఏడు మాత్రల మిశ్రగతి మన నోళ్ళలో ఇప్పటికీ సహజంగా నడుస్తుంది. గిటారు తీగమీద నడవదనుటకు కారణం లేదు.

ఇదంతా ఊహ అని ఎవరైనా అనవచ్చును. కాని ఇటువంటి సాధన చేసి జయించిన బృందం ఒకటి మన ప్రాంతంలోనే పుట్టినది. విద్యుత్తు లేదు, గిటారు లేదు. ముగ్గురు మనుషులు, ఒక తంబురా, రెండు గుమ్మెటలు. అది షేక్ నాజర్ బుర్రకథ దళం.

నాజర్ 1920 లో పూర్వపు గుంటూరు జిల్లాలోని పొన్నెకల్లు గ్రామంలో, పేద దూదేకుల కుటుంబంలో జన్మించినారు. చిన్ననాడే నాటకాలలో చేరి, హార్మోనియం నేర్చి, శాస్త్రీయ సంగీతం అభ్యసించి, స్త్రీపాత్రలు కూడ ధరించినారు. అప్పటికి బుర్రకథ కొత్తది కాదు. జంగంకథ, తందానకథ అనే పేర్లతో ఊరూర తిరిగి జీవించేవారి చేతిలో అది ఉన్నది. చదువుకొన్నవారు దానిని చిన్నచూపు చూసేవారు. పెరటిచెట్టు మందుకు రాదన్న సామెత ఊరకే పుట్టలేదు. 1940 దశకంలో ప్రజానాట్యమండలి యువకులు ఆ కథనే చేతబట్టినారు. ఆ యువకులలో నాజర్ ఒకరు.

ఆయన చేసిన పనిని కొంచెం పరిశీలించాలి. బుర్రకథలో నడుమ నిలిచే కథకునికి భుజాన తంబురా, చేత అందెలు, కాళ్ళకు గజ్జెలు. ఇరుప్రక్కల ఇద్దరు వంతలు గుమ్మెటలు వాయిస్తారు. ఒక వంత హాస్యం చెబుతాడు. ఇంకొక వంత లోకవ్యవహారం, రాజకీయం ఎత్తుతాడు. ఈ చట్రాన్ని నాజర్ విడువలేదు. దానిలోనికి తాను నేర్చిన రాగజ్ఞానాన్ని తెచ్చినారు, నాటకంలో అలవడిన అభినయాన్ని తెచ్చినారు. వీరం పాడునప్పుడు అడుగు ఉరికేది. కరుణం వచ్చినప్పుడు గుమ్మెట మెత్తబడేది. జానపదుని బాణీ చెడలేదు, శాస్త్రం తెలిసినవాడు తల పంకించినాడు. బెంగాలు కరువును గురించి పాడినారు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం పాడినారు. 1954 నాటి "అగ్గిరాముడు" చలనచిత్రంలో అల్లూరి సీతారామరాజు బుర్రకథ వినిపించినారు. 1986 లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చినది. 1997 లో ఆయన మరణించినారు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఆయన బిరుదులు కావు. ఆయన జీవితకథను అంగడాల వెంకటరమణమూర్తిగారు గ్రంథస్థం చేసినారు. ఆ పుస్తకం పేరు "పింజారి". పింజారి అనగా దూది ఏకేవాడు. మన భాషలో ఆ మాటను తిట్టుగా వాడే దురలవాటు ఒకటి ఉన్నది. లోకం తిట్టుగా విసిరిన మాటనే ఆయన తన కథకు కిరీటంగా పెట్టుకొన్నారు. దూది ఏకే విల్లు ఎప్పుడైనా చూసినారా? పెద్ద కర్రకు నరంతో తీగ బిగించి, దానిని కొడుతూ దూదిని విడదీస్తారు. తీగ గుమ్మని మోగుతుంది. పత్తి నుండి దుమ్ము రాలిపోయి తెల్లని దూది పైకి లేస్తుంది. బృందం గొంతు వెదకుకొనుట కూడ అటువంటి పనియే. తీగ కొట్టగా కొట్టగా పరాయిది రాలిపోవాలి, తనది తేలాలి.

పల్నాటి యువకులకు ఇంకొక సంపద కూడ ఉన్నది. కారెంపూడిలో, నాగులేటి ఒడ్డున, ప్రతి కార్తీకమాసంలో అమావాస్యనుండి అయిదు దినాలు వీరుల ఉత్సవం జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ దినాలకు పేర్లు. పన్నెండవ శతాబ్దంలో జరిగిన యుద్ధాన్ని వీరవిద్యావంతులు ఇప్పటికీ పాడుతారు. వారి పాటకు పంబ తోడు. ఆలిసెట్టి గాలెయ్య పాడిన వీరుల కథను అమెరికా పండితుడు జీన్ రోఘెయిర్ ఇంగ్లీషులోనికి మార్చి 1982 లో ప్రకటించినాడు. దూరదేశపువాడు వచ్చి చెవియొగ్గి విన్న పాటను, ప్రక్క ఊరివాడు వినకపోవుట ఏమి న్యాయం?

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పాట నడుమ నాలుగు పంబ దెబ్బలు అతికించినంత మాత్రాన బృందం పల్నాటిది కాబోదు. అది తలపాగా అరువు తెచ్చుకొని ఛాయాచిత్రం తీయించుకొన్నట్లు ఉంటుంది. వీరవిద్యావంతులకు ఆ పాట వినోదం కాదు. అది వారి వంశవిద్య, వీరులకు జరిపే సేవ. నేర్చుకోదలచినవాడు ముందు వారి దగ్గర కూర్చుండాలి, వినాలి, అనుమతి అడగాలి, వేదికమీద వారి పేరు చెప్పాలి, వచ్చిన ప్రతిఫలంలో వారి పాలు వారికి ఇవ్వాలి. అప్పుడు పంబనుండి నేర్చినది దెబ్బల లెక్క మాత్రమే కాక, ఎక్కడ ఆగాలో కూడ తెలుస్తుంది. ఆ ఆగుట గిటారులోనికి వచ్చిననాడు, పంబ కనబడకపోయినా పల్నాడు వినబడుతుంది.

మన కాలపు తెలుగు బృందాలలో ఈ దారి తొక్కినవారు లేకపోలేదు. హైదరాబాదులోని చౌరస్తా బృందం పేరులోనే వీధి ఉన్నది. వారు జమైకా ద్వీపపు రెగే నడకను తీసుకొని, వాడుకమాటలతో తెలుగు పాటలు కట్టినారు. "ఊరెళ్ళిపోతా మామా" అన్న వారి పాట, నగరంలో ఉండి ఊరికై బెంగపడే ఎందరికో తమదనిపించినది. 2020 లో కరోనా వ్యాపించిన దినాలలో, చేతులు కలుపవద్దని హెచ్చరిస్తూ వారు కట్టిన పాట ఇంటింటా వినిపించినది. నడక జమైకాది, మాట మన వీధిది, బెంగ మన మనిషిది. ఈ మూడింటిలో ఏది తీసివేసినా పాట నిలువదు.

ఇప్పుడు తిరిగి క్రోసూరు గదిలోనికి పోదాం. ఆ నలుగురు ఏమి చేయాలి? మొదట, ఒకరినొకరు వినుట నేర్వాలి. బృందంలో నలుగురూ ఒకేసారి గట్టిగా వాయిస్తే అది సంత అవుతుంది. గాయకుడు పాడునప్పుడు గిటారు తగ్గాలి. బుర్రకథలో కథకుడు మాట అందుకోగానే గుమ్మెట అణగినట్లే. రెండవది, తమ వాద్యాన్ని తామే రికార్డు చేసుకొని మరునాడు వినాలి. వాయించిన రాత్రి అంతా అద్భుతమనిపిస్తుంది. మరునాడు ఉదయం నిజం తెలుస్తుంది. నేడు ప్రతి చేతిలోని ఫోనూ ఆ పని చేయగలదు. మడ్డీ వాటర్స్‌కు ఒక దేశపు గ్రంథాలయం తెచ్చి ఇచ్చిన అద్దం అది. మూడవది, నలుగురికీ తెలిసిన విషయం మీద పాట కట్టాలి. చూడని మంచు, ఎక్కని రైలు ఎందుకు? మిరప ధర పడిపోయిన సంవత్సరం ఇంటిలో పలికిన మౌనం వారికి తెలుసు. తెల్లవారుజామున కాయ కోతకు పోయే ఆటోలో ఇరుకుగా కూర్చున్న తల్లుల మాటలు తెలుసు. నాలుగవది, తీసివేయుట నేర్వాలి. వచ్చిన విద్యనంతా ఒక్క పాటలో చూపవలెనన్న ఆత్రం పసితనం. ఏది లేకపోయినా పాట నిలుస్తుందో దానిని తీసివేయాలి.

చివరిది డబ్బు, పేరు. పాట ఎవరు కట్టినారో, వచ్చిన రూపాయి ఎట్లు పంచుకోవాలో మొదటి దినమే కాగితం మీద వ్రాసుకొనుట మేలు. శ్రుతి కుదరక విడిపోయిన బృందాలకంటె, లెక్క కుదరక విడిపోయినవే ఎక్కువేమో అని నా అనుమానం.

ఇక ఇంటి పెద్దలకు ఒక మనవి. వెనుక గదిలో మోత వినబడినప్పుడు తలుపు మూయించకండి. సమయం నిర్ణయించండి, చదువు చెడకుండ చూడండి, పొరుగువారి నిద్ర చెడకుండ చూడండి. ఆపైన ఒకనాటి సాయంకాలం ఆ గదిలోనికి పోయి కూర్చుండండి. మీకు వచ్చిన పాట ఒకటి పాడి వినిపించండి. నాటువేసేటప్పుడు మీ తల్లి పాడినదో, ఉయ్యాల ఊపుతూ మీ అమ్మమ్మ పాడినదో చాలును. వారు దానిని వెంటనే గిటారుమీద పలికించబోతారు. మొదట తప్పు పలుకుతుంది. మీరు దిద్దుతారు. మరల పలుకుతుంది. ఆ దిద్దుబాటు నడుమ, మీ పాటా కాని, రికార్డులోని పాటా కాని మూడవ స్వరం ఒకటి వినబడవచ్చును.

ఆ స్వరం వినబడిననాడు అరుగుమీది తాతగారు మరల కేకవేస్తారు. ప్రశ్న మాత్రం మారుతుంది. "ఏమిట్రా యీ మోత?" అని అడగరు. "ఎవర్రా ఆ పాట పాడినది?" అని అడుగుతారు.